లారీ గేర్‌బాక్స్ పాఠాలు – 4: గేరు పడకపోతే ముందు ఎక్కడ చూడాలి?

పోయిన పాఠంలో క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) కొలిచి కాగితం మీద రాసుకున్నాం కదా, ఆ కాగితం ఇవాళ పక్కన పెట్టుకోండి. ఇంకా కొలవనివాళ్ళు ముందు ఆ పని చేసి రండి. అది లేకపోతే ఈ పాఠం సగమే ఉపయోగపడుతుంది.

మామిడి సీజన్‌లో తోతాపురి లోడు వేసుకున్న లారీలు చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరుతాయి. పది అడుగులు కదలడం, ఆగడం, గంటల తరబడి ఇదే పని. పాత బండి మొరాయించేది సరిగ్గా అక్కడే. "అన్నా, ఫస్ట్ గేరు పడడంలే, బాక్స్ పోయినట్టుంది" అని డ్రైవర్ ఫోన్ చేస్తాడు. ఓనరుకు టెన్షన్, వెంటనే బాక్స్ దించమంటాడు. నేనూ ఒకసారి అలాగే దించమన్నాను. తిరుపతిలో ఒక షెడ్డులో బాక్స్ విప్పి, రెండు సింక్రో రింగులు (గేరు పడేముందు లోపలి వేగాలు కలిపే రింగులు) మార్చి, మూడు రోజులు బండి నిలబెట్టి ఇచ్చారు. రేణిగుంట దాటకముందే మళ్ళీ అదే గరగర. అసలు తప్పు క్లచ్ స్లేవ్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను వదిలించే చిన్న సిలిండర్) ఉంది. లోపల రబ్బరు కప్పు అరిగి ఆయిల్ చెమ్మలా బయటికొస్తోంది. పైన ఉన్న రబ్బరు బూటు ఎత్తి వేలితో తడిమి ఉంటే, వేలికి అంటిన జిడ్డే చెప్పేది. ఎవరం తడమలేదు. అందుకే ఇంతగా చెబుతున్నాను, బాక్స్ దించే ముందు ఒక అరగంట ఈ పరీక్షలకు ఇవ్వండి.

మొదటిది ఇంజిన్ ఆపి చేసే పరీక్ష. చదునైన చోట బండి పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. క్లచ్ తొక్కి ఫస్ట్ నుంచి టాప్ వరకు, ఆ తర్వాత రివర్స్, ఒక్కో గేరు నెమ్మదిగా వేసి తీయండి. పంటికి పన్ను ఎదురుపడి ఏదైనా ఒక గేరు మొండికేస్తే కంగారు పడొద్దు. న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఒక్క క్షణం స్టార్టర్ తిప్పి మళ్ళీ వేసి చూడండి. ఇప్పుడు అన్నీ సాఫీగా పడుతున్నాయా? ఇంజిన్ స్టార్ట్ చేస్తేనే పడడం లేదా? అలాగైతే అనుమానం బాక్స్ మీద కాదు, క్లచ్ మీద పెట్టుకోండి. ఇంజిన్ ఆగి ఉన్నా లివర్ బిగుసుకుంటుంటే లివర్ నుంచి బాక్స్ దాకా ఉన్న రాడ్లు, బుష్‌లు, బాల్ జాయింట్లు చూడండి. ఎండిపోయిన బుష్‌కు గ్రీజు పెట్టగానే సరిపోయిన బండ్లు నేను చాలా చూశాను.

రెండో పరీక్షకు ఇంజిన్ ఐడిల్‌లో ఉండాలి. క్లచ్‌కు ఎయిర్ బూస్టర్ (గాలి ఒత్తిడితో పెడల్‌కు సాయం చేసేది) ఉన్న బండి అయితే ఎయిర్ మీటర్ పూర్తిగా ఎక్కేదాకా ఆగండి. గాలి తక్కువున్నప్పుడు చేస్తే ఫలితం తప్పుగా వస్తుంది. క్లచ్ అడుగుదాకా తొక్కి, మనసులో పది లెక్కపెట్టి, రివర్స్ వేయండి. రివర్సే ఎందుకంటే, పాత బాక్సుల్లో చాలావాటికి రివర్స్ గేరుకు సింక్రో ఉండదు. లోపలి షాఫ్టు ఇంకా తిరుగుతుంటే ఆ సంగతి దాచేవాళ్ళు ఎవరూ లేరక్కడ. చప్పుడు లేకుండా పడితే క్లచ్ పూర్తిగా వదులుతున్నట్టే. పది లెక్కపెట్టాక కూడా గరగరమని చేతికి అదురు తగిలితే క్లచ్ ప్లేటు ఇంకా ఇంజిన్‌ను అంటుకునే ఉందని అర్థం.

అప్పుడు మీ కాగితం తీయండి. ఫ్రీ ప్లే బండి మాన్యువల్‌లో ఉన్నదానికంటే ఎక్కువుంటే ముందు దాన్ని సరిచేయండి. పెడల్ రెండు మూడుసార్లు కొట్టాక గేరు పడుతుంటే లైన్లో గాలి చేరింది, లేదా సిలిండర్ కప్పు అరిగింది. ఇవి రెండూ బాగుంటేనే ప్లేటు వంకరపోయిందా, స్ప్లైన్ (బాక్స్ షాఫ్టు మీది గాడులు) మీద పట్టేసిందా, ఆ షాఫ్టు కొనను ఇంజిన్ వైపు మోసే పైలట్ బేరింగ్ బిగుసుకుందా అనే ప్రశ్న వస్తుంది. వాటికోసం బాక్స్ దించక తప్పదు.

మిగతా అన్ని గేర్లూ బాగుండి ఒక్క గేరు మాత్రమే గరగరమంటే ఆ గేరు సింక్రో అరిగిందని అనుకోవచ్చు.

ఇక గేరు జారిపోవడం. దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను. పలమనేరు నుంచి చిత్తూరుకు లోడుతో మొగిలి ఘాట్ దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది సగం ఇంజినే. యాక్సిలరేటర్ వదలగానే థర్డ్ గేరు జారి న్యూట్రల్‌కు వచ్చిందంటే ఆ పట్టు పోతుంది. బరువంతా బ్రేకుల మీద పడి, డ్రమ్ములు వేడెక్కి, బ్రేక్ పట్టడం తగ్గుతుంది. లివర్‌ను మోకాలితో అదిమి పట్టుకునేవాళ్ళను, తాడుతో కట్టేవాళ్ళను చూశాను. అలా అదిమితే బాక్స్ లోపల గేరును జరిపే సెలెక్టర్ ఫోర్కు ఇంకా అరుగుతుంది, జారడం మాత్రం ఆగదు. ఆ బండి బాగయ్యేదాకా ఘాట్ ఎక్కించొద్దు, దించొద్దు.

దీన్ని ఖాళీ బండితో, చదునైన ఖాళీ రోడ్డు మీదే పరీక్షించండి. ఒక్కో గేరులో కాస్త వేగం పెంచి, కాలు తీసి, మళ్ళీ తొక్కండి. పక్కన కూర్చున్న మనిషి లివర్‌నే చూస్తూ ఉండాలి. కాలు తీసినప్పుడు, తొక్కినప్పుడు లివర్ ముందుకూ వెనక్కూ బాగా ఊగుతుంటే ఇంజిన్, బాక్స్ మౌంటింగ్ రబ్బర్లు చూడండి. ఊగకుండా ఒకే గేరు జారుతుంటే బండి ఆపి, ఇంజిన్ ఆపి, బాక్స్ దగ్గర రాడ్డు విప్పి, ఆ గేరును చేత్తో నేరుగా వేయండి. లివర్‌తో వేసినప్పటికంటే లోపలికి వెళ్తోందా? అయితే గేరు ఇన్నాళ్ళూ సగమే పడుతోంది, రాడ్డు పొడవు సర్దాలి. తేడా లేకపోతే టాప్ కవర్ విప్పి, పడిన గేరును కదలకుండా నొక్కి పట్టే బాల్ స్ప్రింగులు చూడాలి. స్ప్రింగులు గట్టిగానే ఉంటే ఫోర్కు, అది జరిపే స్లీవ్ పళ్ళు, బేరింగ్ ఆట (లూజు) మిగులుతాయి.

వచ్చే పాఠంలో టాప్ కవర్ విప్పుతాం. అప్పటిదాకా ఒక పని చేయండి. బండి తిరిగి వచ్చి బాక్స్ ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ శుభ్రమైన తెల్ల డబ్బాలోకి దింపి, ఎండలో పెట్టి చూడండి. డ్రెయిన్ నట్ అయస్కాంతానికి నల్లటి మెత్తని పేస్టు ఉంటే మామూలే. గోరుకు తగిలే ఇనుప ముక్కలుంటే పళ్ళో బేరింగో దెబ్బతింది. ఆయిల్‌లో పసుపు మెరుపు కనబడితే, అది ఇత్తడి సింక్రో రింగుల పొడి. ఏం కనిపించిందో అదే కాగితం వెనక తేదీ, కిలోమీటర్లతో సహా రాసి ఉంచండి.