ఓపెన్ సోర్స్ పేర్ల గొడవలు, 3వ పాఠం: మన పేరు మీద వేరేవాళ్లు అప్లికేషన్ పెడితే

పోయిన పాఠంలో లైసెన్స్ వేరు, పేరు వేరు అని చూశాం కదా. కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, కానీ దాంతోపాటు పేరు కూడా వచ్చేసినట్టు కాదు. ఈసారి నేర్చుకునేది ఒకటే పని, మన ప్రాజెక్ట్ పేరుని తమ ట్రేడ్‌మార్క్‌గా, అంటే తమ సరుకుకి సొంత పేరుగా, రిజిస్టర్ చెయ్యమని వేరేవాళ్లు పెట్టిన అప్లికేషన్‌ని చదవడం.

ముందు గ్నోమ్ సంగతి చూద్దాం. 1997లో మొదలైన లినక్స్ డెస్క్‌టాప్ ఇది, అంటే లినక్స్ కంప్యూటర్లో తెర మీద కిటికీలు, మెనూలు చూపించే సాఫ్ట్‌వేర్, అమెరికాలో 2006 నుంచి పేరు రిజిస్టర్ అయి ఉంది. 2014లో గ్రూపాన్ కంపెనీ షాపుల్లో బిల్లింగ్‌కి ఒక టాబ్లెట్ తెచ్చి దానికీ గ్నోమ్ అనే పేరే పెట్టి 28 అప్లికేషన్లు వేసింది. టాబ్లెట్ ఎక్కడ, డెస్క్‌టాప్ ఎక్కడ అనిపిస్తుంది, కానీ వాళ్లు దాన్ని వ్యాపారులకి ఆపరేటింగ్ సిస్టమ్ అని చెప్పుకున్నారు, అక్కడే తగువు. వాటిలో 10 అప్లికేషన్లకి డిసెంబర్ 3లోగా అభ్యంతరం వెయ్యాలి, దానికి 80,000 డాలర్లు కావాలి. నవంబర్ 11న ప్రాజెక్ట్‌ని చూసుకునే గ్నోమ్ ఫౌండేషన్ జనాన్ని చందాలడిగింది, ఒక్క రోజు తిరక్కుండానే గ్రూపాన్ 28 అప్లికేషన్లూ వదిలేస్తామని చెప్పింది. నాకు ఇది ఇప్పటికీ గర్వంగా ఉంటుంది, ఎక్కడెక్కడో ఉన్న మామూలు యూజర్లు తలో చెయ్యి వేసి పేరు నిలబెట్టుకున్నారు.

ఇప్పుడు మన పని. మన దేశంలో ట్రేడ్‌మార్క్‌లు రిజిస్టర్ చేసే ప్రభుత్వ ఆఫీసు సైట్ ఐపీ ఇండియా, అందులో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ తెరవండి. వర్డ్‌మార్క్‌తో, అంటే పేరు అక్షరాలతో ఒకసారి, ఫొనెటిక్‌తో, అంటే పలికే శబ్దంతో ఇంకోసారి వెతకండి, ఎందుకంటే స్పెల్లింగ్ మార్చి అదే శబ్దంతో వేసేవాళ్లు చాలామంది ఉంటారు. క్లాస్ అంటే సరుకు ఏ రకమో చెప్పే నంబర్, అక్కడ 9 పెట్టండి, అది సాఫ్ట్‌వేర్, తర్వాత 42 పెట్టి మళ్లీ వెతకండి, ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ సర్వీసులు అందులో ఉంటాయి.

ఏదైనా తగిలితే పేరు చూసి కంగారుపడకండి, ముందు సరుకుల వివరణ చదవండి, మన ప్రాజెక్ట్ చేసే పనే అందులో రాసుందా అని. తర్వాత యూజర్ డిటెయిల్ చూడండి, ఆ పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారో అక్కడ ఉంటుంది. అక్కడ ప్రపోజ్డ్ టు బి యూజ్డ్ అని ఉంటే వాళ్లింకా వాడకం మొదలుపెట్టలేదన్నమాట, మన మొదటి రిలీజ్ తేదీ వాళ్ల అప్లికేషన్ తేదీ కంటే ముందుంటే అది మనకి పెద్ద బలం. అందుకే పాత రిలీజ్ ప్రకటనలు, గిట్ ట్యాగులు (కోడ్ దాచే గిట్‌లో ఒక్కో వెర్షన్‌కి పెట్టే గుర్తులు), డౌన్‌లోడ్ లెక్కలు తేదీలతో సహా దాచుకోవాలి.

ఇక స్టేటస్. అడ్వర్టైజ్డ్ అని కనిపిస్తే గడియారం తిరుగుతున్నట్టే, ఆ ఆఫీసు వేసే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో పడ్డ రోజు నుంచి 4 నెలలు, ఆలోపు అభ్యంతరం చెప్పే టీఎం-ఓ ఫారం వెయ్యాలి, గడువు పెంచరు. అది దాటిపోయి రిజిస్టర్ అయిపోతే కొట్టేయించడానికి విడిగా కేసు వెయ్యాలి, ఖర్చు, టైమ్ రెండూ ఎక్కువే.

వచ్చే పాఠానికి మీరు రోజూ వాడే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ పేరు రెండు క్లాసుల్లోనూ వెతికి, దొరికిన ఒక్క ఎంట్రీ సరుకుల వివరణ, యూజర్ డిటెయిల్, స్టేటస్ కాగితం మీద రాసుకుని రండి. 2011లో హడ్సన్ పేరు వదులుకుని జెంకిన్స్ అయిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ కథ ఆ కాగితం పక్కన పెట్టుకుని చదువుదాం.