గ్లూటెన్ మానేసినా పిల్లల కడుపు కుదుటపడట్లేదా? సబ్బు మార్చే ముందు ఇవి చూడండి

మా చిన్నోడికి ఇప్పుడు నాలుగేళ్లు, సీలియాక్ అని తేలి ఏడాదిన్నర అయింది. సీలియాక్ అంటే, గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం)లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు. చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు, ఉప్మా రవ్వ, సేమియా అన్నీ హన్మకొండలోని మా ఇంట్లోంచి తీసేసినం. అయినా నాలుగు నెలల తర్వాత కూడా పొట్ట ఉబ్బే ఉంటుంది, వారంలో రెండు రోజులు విరేచనాలు, సీలియాక్ ఎంత అదుపులో ఉందో చూసే టీటీజీ రక్తపరీక్షలో నంబర్ డాక్టర్ అనుకున్నంత తగ్గలేదు. ఆ టెన్షన్‌లో నేను సబ్బు, షాంపూ, బట్టల పౌడర్, నేల తుడిచే ద్రావకం అన్నీ మార్చేసిన, చాలా డబ్బు పోయింది, వాడి పొట్ట మాత్రం అట్లనే ఉంది. మళ్లీ చూపించినప్పుడు డాక్టర్ ఒక్క మాట చెప్పారు: సీలియాక్‌లో గ్లూటెన్ చర్మంలోంచి పేగుల్లోకి పోదు, నోట్లోంచి పోతేనే పని చేస్తుంది, కాబట్టి పిల్లాడి చేతులు నోటికి పోయేలోపు ఏమేం ముట్టుకుంటున్నాయో చూడండి అని. అక్కడి నుంచి వెతికితే ఒక్కొక్కటే దొరికింది. అదే వరుసలో రాస్తున్నా.

ముందు ఒక లెక్క. మన దేశంలో ఆహార ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ గ్లూటెన్ ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. సీలియాక్ ఉన్నవాళ్లలో చాలామందికి రోజుకు సుమారు 10 మిల్లీగ్రాముల వరకు ఇబ్బంది ఉండదని అంటారు. గోధుమపిండిలో దాదాపు పదోవంతు గ్లూటెన్ అనుకుంటే, అది చిటికెడు పిండి కూడా కాదు. గోళ్ల సందుల్లో ఇరుక్కునే పిండి చాలు ఆ హద్దు దాటడానికి.

సమస్య: తిండి మొత్తం మారింది, కానీ వారంలో కొన్ని రోజులే పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు అవుతున్నాయి

ఇట్లా రోజూ కాకుండా వచ్చిపోతుంటే తిండి కంటే ముందు ఆటవస్తువులను అనుమానించండి. మా వాడి విషయంలో అసలు దొంగ పిండిముద్ద. పక్కింట్లో పెద్దమ్మ సాయంత్రం చపాతీలు చేసేటప్పుడు వీడు పోయి పక్కన కూర్చునేవాడు. అడిగితే, "ఊకె అడుగుతుండు బిడ్డా, ఇంత ముద్ద ఇచ్చిన, ఆడుకుంటడని, తిననియ్యలే" అన్నది. ఆమె ప్రేమతోనే ఇచ్చింది, నిజంగానే తిననివ్వలేదు కూడా. కానీ ఆడిన చేతులు కడగలేదు, అదే చేత్తో బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత చూస్తే ప్లే స్కూల్లో రంగురంగుల ఆటముద్ద కూడా గోధుమపిండితో చేసిందే. బాగా పేరున్న ప్లే-డోలో కూడా గోధుమ ఉంటుందని తయారుచేసేవాళ్లే చెప్తారు.

పరిష్కారం ఇంట్లోనే ఉంది. ఒక కప్పు నీళ్లలో అరకప్పు ఉప్పు, చెంచా నూనె, ఇంత పసుపో బీట్‌రూట్ రసమో వేసి మరిగించి, కప్పు బియ్యప్పిండి పోసి కుడుముల పిండిలాగా కలియబెట్టి, ఆరినాక మెత్తగా పిసికితే చాలు. పలచగా అనిపిస్తే ఇంకో రెండు చెంచాల పిండి వేయండి. డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఆడుకోవచ్చు. ఉప్పు ఎక్కువ కాబట్టి తిననివ్వొద్దు. వినాయక చవితికి కుమ్మరి దగ్గర దొరికే బంకమట్టి ఇంకా మంచిది, మా వాడికైతే దానితో ఏనుగులు చేయడమే ఇష్టం. స్కూల్లో కాగితాలు అంటించడానికి మైదాతో లై ఉడకబెడుతుంటే అది కూడా ఇదే లెక్క, సీసాలో కొనే తెల్ల గమ్ ఇప్పించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, శానిటైజర్ రాస్తే క్రిములు చస్తాయి కానీ చేతికంటిన పిండి పోదు. గ్లూటెన్ ఒక ప్రోటీన్, అది చచ్చేది కాదు, సబ్బు నీళ్లతో కడిగి వదిలించాల్సిందే. టీచరమ్మకు ఈ ఒక్క ముక్క అర్థమయ్యేటట్టు చెప్పండి, చాలా తేడా వస్తుంది.

సమస్య: ఆదివారం తలస్నానం అయినాక సోమవారం కడుపునొప్పి

మా అత్తమ్మ వారానికోసారి నలుగు పెట్టి స్నానం పోస్తది. పెసలు, శెనగలు, బియ్యం, పసుపు, ఇందులో గోధుమ ఎక్కడిది అనుకున్నా. రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, కొందరు ఒళ్లు నున్నగా రావాలని గోధుమలు గానీ, గోధుమ తవుడు గానీ కలుపుతారు, బయట కొన్న సున్నిపిండిలో అయితే ప్యాకెట్ చదవకుండా తెలియదు. రెండోది గిర్ని. మనకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు, రాళ్ల మధ్య, గొట్టంలో, గుడ్డ సంచిలో ఆ పిండి మిగిలే ఉంటుంది, మన పెసలు దాంట్లోంచే రావాలి. నేను అడిగితే గిర్ని అన్న "రేపు పొద్దున ఫస్ట్ మీదే పోస్త తియ్యక్కా" అన్నాడు, మంచి మనిషి, కానీ నిన్నటి పిండి రాత్రికి ఎక్కడికీ పోదు. స్నానం పోసేటప్పుడు పిల్లల మూతి మీదికి కారుతుంది, నాలుక బయట పెడతారు.

అందుకే నలుగు పిండి ఇంట్లో మిక్సీలోనే పట్టుకోండి, ఆ జారు, జల్లెడ వేరుగా ఉంచండి. సకినాల పిండి, రాగిపిండి, జొన్నపిండికి కూడా ఇదే. సకినాల్లో గోధుమ లేదు కదా అని పెట్టి, గిర్నిలో పట్టించిన పిండి అని మర్చిపోతాం.

సమస్య: లోషన్ రాసినాక చర్మం ఎర్రబడుతుంది, లేదా డబ్బా మీద గోధుమ ఉందో లేదో తెలియట్లేదు

ఇక్కడ రెండు జబ్బులను కలిపేయొద్దు. సీలియాక్ వేరు, గోధుమ అలర్జీ వేరు. అలర్జీ ఉన్న పిల్లలకు చర్మానికి తగిలినా దద్దుర్లు రావొచ్చు. జపాన్‌లో ముఖం కడుక్కునే ఒక సబ్బులో కలిపిన హైడ్రోలైజ్డ్ వీట్ ప్రోటీన్ (చిన్న ముక్కలుగా విడగొట్టిన గోధుమ ప్రోటీన్) వల్ల రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ మొదలైంది, 2011లో ఆ సబ్బును వెనక్కి తీసుకున్నారు. కాబట్టి రాసిన కాసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం ఉంటే అది అలర్జీ అనుమానం, ఆ వస్తువు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. ఊపిరి ఆడకపోతే లేబుల్ చదువుతూ కూర్చోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

సీలియాక్ మాత్రమే ఉంటే కాళ్లకు, వీపుకు రాసే లోషన్ గురించి అంత భయపడక్కర్లేదు. చేతులకు, మూతి చుట్టూ రాసేదే చూడాలి. మీరు మీ చేతులకు రాసుకునే క్రీమ్ కూడా చూడాలి, ఎందుకంటే అదే చేత్తో కలిపి ముద్దలు పెడతాం.

లేబుల్ దగ్గర చిక్కు ఏంటంటే, తినే ప్యాకెట్ మీద గ్లూటెన్ ఉన్న ధాన్యం ఉంటే అలర్జీ హెచ్చరికగా రాయాలి, సబ్బు, లోషన్ మాత్రం కాస్మెటిక్స్ కిందికి వస్తాయి, అక్కడ గోధుమ అని మామూలు పేరుతో కాకుండా తరచుగా లాటిన్ పేరుతో ఉంటుంది. ఫోన్ కెమెరాతో పెద్దది చేసి ఈ పేర్లు వెతకండి: ట్రిటికమ్ వల్గేర్ అంటే గోధుమ, హార్డియమ్ వల్గేర్ అంటే బార్లీ, సికేల్ సిరియేల్ అంటే రై. అవెనా సటైవా అంటే ఓట్స్. పొడి చర్మానికి ఇచ్చే పిల్లల క్రీముల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఓట్స్‌లో గోధుమ కలిసిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి నేను వాడి చేతులకు మాత్రం రాయను.

భయపడక్కర్లేనివి కూడా చెప్తా, లేకపోతే షాపులో ఏదీ కొనలేం. ఒరైజా సటైవా బియ్యం, జియా మేస్ మొక్కజొన్న. గ్లూటమేట్, గ్లిజరిన్ పేర్లు దగ్గరగా వినిపిస్తాయి కానీ వాటికీ గ్లూటెన్‌కీ సంబంధం లేదు.

సమస్య: చేతులన్నీ శుభ్రం, అయినా రోజూ కొద్దికొద్దిగా ఇబ్బంది

రోజూ నోట్లోకి పోయేవి చూడండి. టూత్‌పేస్ట్ చిన్నపిల్లలు ఉమ్మరు, మింగుతారు. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత చాలు. చాలా పేస్టుల్లో గోధుమ ఉండదు, అయినా ఒకసారి పైన చెప్పిన పేర్లు వెతికి, నిర్ధారించుకున్నదే వాడండి. పెదవులకు రాసే బామ్, వాడి బుగ్గ మీద ముద్దు పెట్టే ముందు మీ లిప్‌స్టిక్ కూడా ఈ లెక్కలోవే. బలానికని ఇచ్చే టానిక్‌లో, పాలల్లో కలిపే పొడిలో మాల్ట్ అని ఉంటే అది సాధారణంగా బార్లీ. ఇంట్లో కాచే రాగిజావను కూడా మనం రాగి మాల్ట్ అంటాం, ఆ పేరు చూసి కంగారు పడొద్దు, కానీ షాపు ప్యాకెట్ అయితే వెనక చదవండి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది పిల్లలకు అది మేలు చేసే పిండే, కానీ అందులో గోధుమ ఉంది. సీలియాక్ పిల్లలకు పెట్టకూడదు, ఇంట్లో అక్కకో తమ్ముడికో వస్తుంటే డబ్బా, చెంచా వేరుగా పెట్టండి. పిండి పొడిగా ఉంటుంది కదా, గాలికి లేచి ప్లేట్ల మీద పడుతుంది.

సమస్య: ఫంక్షన్‌కో పండక్కో పోయి వచ్చినాక తిరగబెడుతుంది

సద్దుల బతుకమ్మ నాడు మలీద పంచుతారు, చాలా ఇండ్లలో అది గోధుమ రొట్టెలతోనే చేస్తారు. మా వాడికి నేను బియ్యప్పిండి రొట్టెతో ముందే చేసి డబ్బాలో పట్టుకపోతా, అందరితో పాటు వాడి చేతిలో కూడా పెడతా, వద్దు అనే మాట ఆ రోజు వాడికి వినిపించకూడదని. ప్లేట్ల విషయంలో, పర్యావరణానికి మంచివని గోధుమ తవుడుతో చేసినవి వస్తున్నాయి, వాటిల్లో పెట్టొద్దు. మోదుగాకు విస్తరి అయితే ఏ భయం లేదు.

ఇంట్లో మిగతావాళ్లు చపాతీ తింటుంటే పీట, కర్ర, పెనం, గిన్నెలు తోమే స్క్రబ్బర్ వాడివి వేరు చేయండి. గిన్నెలు తోమే సబ్బు మార్చక్కర్లేదు. కుక్క ఉంటే దానికి వేసే రొట్టె కూడా గుర్తుంచుకోండి, అది పిల్లాడి మూతి నాకుతుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే

ప్రతిదానికీ గ్లూటెనే కారణం కాదు. పేగు దెబ్బతిన్న పిల్లలకు కొన్నాళ్లు పాలు అరగకపోవచ్చు, నులిపురుగులు, జియార్డియా (పేగుల్లో చేరే సూక్ష్మజీవి) లాంటివి కూడా ఉండొచ్చు. రెండు వారాలు వాడు తిన్నవి, ఆడినవి, రాసినవి, విరేచనం అయిన సమయం నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌కు చూపించండి. మా డాక్టర్ మూడు పేజీలు తిప్పగానే పిండిముద్ద రోజులను గుర్తుపట్టారు. టీటీజీ నంబర్ పూర్తిగా మామూలు కావడానికి ఏడాది, కొందరికి అంతకంటే ఎక్కువ పడుతుంది, తగ్గుతూ వస్తుంటే సరే.

ఇంకా పరీక్షే చేయించని వాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీ అంతట మీరు గోధుమ ఆపేయొద్దు. ఆపేసినాక రక్తపరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు చూపించొచ్చు. ముందు పరీక్ష చేయించి, డాక్టర్ చెప్పినాకే ఆపండి.