గ్యాస్ మాత్రతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు?

"అన్నా, గ్యాస్ మాత్ర ఒక పట్టీ ఇవ్వన్నా." తిరుపతిలో మా మందుల షాపులో రోజూ వినే మాట. ఇచ్చేముందు నేను అడిగేది ఒకటే: ఎన్నాళ్ల నుంచి?

పరగడుపున మంట, రెండు ముద్దల సంగటికే కడుపు నిండిపోవడం

నెల దాటినా తగ్గకపోతే నెపం కారం మీద వేయకండి. హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి ఉండొచ్చు. అల్సర్లకు దీనికీ ఉన్న లంకె తేల్చినందుకే మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు దీన్ని పట్టుకోవడానికి ప్రతిసారీ నోట్లోంచి గొట్టం (ఎండోస్కోపీ) వేయక్కర్లేదు. యూరియా కలిపిన నీళ్లు తాగించి, కాసేపయ్యాక సంచిలోకి ఊదిస్తారు. క్రిమి ఉంటే ఊపిరిలోనే తెలిసిపోతుంది. మల పరీక్షా ఉంది.

చాలామంది మాత్ర మింగుతూనే పరీక్షకు పోతారు. డాక్టరుకు చెప్పి ప్యాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు 2 వారాలు ముందే ఆపాలి, యాంటీబయాటిక్స్ ఆపి 4 వారాలు అయ్యుండాలి. లేదంటే క్రిమి ఉన్నా లేనట్టు వస్తుంది. ఉందని తేలితే మామూలుగా 14 రోజుల కోర్సు. నాలుగో రోజుకే మంట తగ్గిందని మిగతా మాత్రలు పక్కన పడేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా పోవచ్చు. కోర్సయ్యాక కనీసం నెల ఆగి మళ్లీ ఊది చూసుకోవాలి.

మలం తారులా నల్లగా, జిగటగా

అలిపిరి మెట్లు 3,550 ఎక్కొచ్చి, మోకాళ్ల నొప్పులకు ఖాళీ కడుపున రోజుల తరబడి డైక్లోఫెనాక్ వేసుకునేవాళ్లు జాగ్రత్త. మలం ఇలా వస్తే లోపల పుండు నుంచి రక్తం పోతుండొచ్చు. షాపుకు రాకండి, ఆ పూటే స్విమ్స్ ఆసుపత్రికో రుయాకో వెళ్లండి. ఎండోస్కోపీలోనే క్లిప్పు వేసి రక్తం ఆపగలరు.

స్కానింగ్‌లో "ఫ్యాటీ లివర్"

రిపోర్టులో రాసే గ్రేడు కొవ్వు సంగతే చెబుతుంది, కాలేయం గట్టిపడిందో లేదో చెప్పదు. వయసు, రక్త పరీక్షలో వచ్చే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ (కాలేయ ఎంజైములు), ప్లేట్‌లెట్ల అంకెలతో ఫిబ్-4 అనే స్కోరు లెక్క కట్టించుకోండి. 65 ఏళ్ల లోపు వాళ్లకు 1.3 కన్నా తక్కువైతే గట్టిపడే భయం తక్కువే. ఎక్కువొస్తే కాలేయం గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్, సూది లేకుండా నిమిషాల్లో అయిపోతుంది. అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్ అనే ఫ్యాటీ లివర్ మందుకు అనుమతి వచ్చింది గానీ, అది గట్టిపడడం మొదలైనవాళ్ల కోసం. 80 కిలోల మనిషి 6 నుంచి 8 కిలోలు తగ్గడం కన్నా మంచి మందు మా అరల్లో లేదు. లివర్ టానిక్ అడిగినవాళ్లకు ఇదే చెబుతాను.

కళ్లు పచ్చబడడం

పసరు మందుకని ఊళ్లు తిరగకండి. రక్త పరీక్ష, అల్ట్రాసౌండ్ ముందు. పిత్తనాళంలో రాయి అయితే ఈఆర్‌సీపీతో, అంటే నోట్లోంచి గొట్టం పంపి, తీస్తారు. కాలేయానికి పట్టే హెపటైటిస్ సి వైరస్ అయితే చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. మాట తడబడినా, మనిషి మగతగా పడి ఉన్నా 108కి ఫోన్ చేయండి.