సంక్రాంతి సెలవులకు అరకు వెళ్లే డెల్టా వాసులకు జాగ్రత్తలు

అమలాపురం, భీమవరం వైపు నుంచి సొంత కారులో అరకు బయలుదేరే కుటుంబాలు ముందుగా ఈ విషయాలు చూసుకోవాలి.

శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డును పగటి వెలుగులోనే ఎక్కి దిగేలా ప్రయాణాన్ని లెక్క వేసుకోండి. చదునైన కాలువగట్టు రోడ్లకు అలవాటుపడిన మనం దిగుడులో అదేపనిగా బ్రేకు నొక్కుతాం. దానితో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి కనుక, ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాటను తప్పక పాటించండి. పొగమంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు మన కళ్లకే తిరిగి కొడుతుంది.

ఘాట్ మీద నడపడం అలవాటు లేనివారు విశాఖపట్నం నుంచి ఉదయం కిరండూల్ రైలు ఎక్కడం మేలు. అద్దాల పెట్టెలో సీటుకు ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి.

జలపాతాల మడుగుల్లోకి దిగకండి. గోదావరి పాయల్లో ఈత నేర్చినవారికి కూడా పాచి పట్టిన బండ మీద కాలు నిలవదు.

ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉన్నందున దోమతెర, ఒంటికి పూసుకునే దోమల మందు తీసుకువెళ్లండి. తిరిగివచ్చాక, వారాలు గడిచినా సరే, జ్వరం వస్తే అరకు వెళ్లివచ్చినట్టు వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే చికిత్స ఆలస్యం కావచ్చు.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పసిపిల్లలకు, పెద్దలకు ఉన్ని దుస్తులు మరవకండి.