వరద ప్రణాళిక, 3వ పాఠం: ఇల్లు కాదు, ముందు దారి చూడండి

పోయిన పాఠంలో ఒక పట్టిక ఇచ్చాను: ఒక గడిలో గోదావరి నీటిమట్టం, ఎదురు గడిలో ఆ మట్టానికి మీ ఊళ్లో ఏమవుతుందో. దాన్ని చాలా పంచాయతీల వాళ్లు నింపి పంపారు. దాదాపు అందరూ ఒకచోటే తడబడ్డారు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది కదా, వాటి ఎదురుగా "కొద్దిపాటి ముంపు, ఓ మోస్తరు ముంపు, భారీ ముంపు" అని రాసేశారు. లంకల వాళ్లేమో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరి హెచ్చరిక లెక్కలు 11.75, 13.75, 17.75 వేసి పక్కన అవే మాటలు. అందుకే కొత్త పాఠం ఆపి మళ్లీ అక్కడికే వస్తున్నాను.

ఆ అడుగులు అక్కడి స్కేలువి, మీ గుమ్మం ముందు నీళ్ల లోతు కాదు. ఎదురు గడిలో మీ ఊళ్లో కంటికి కనబడేది రాయాలి: చప్టా (వాగు దాటే రోడ్డు) మునిగింది, అంగన్‌వాడీ మెట్టు తడిసింది, అలా. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో ఊళ్లో ఎవరినడిగినా చూపిస్తారు, 1986 నాటి 75.6 చూసిన పెద్దవాళ్లూ ఉన్నారు. చిన్న వరదల సంగతికి మాత్రం నేను ముందు పాల వ్యాన్ డ్రైవర్‌నే అడుగుతాను. ఏ రోజు ఎక్కడ బండి తిప్పుకుని వెళ్లిపోయాడో అతనికి గుర్తుంటుంది, ఆ రోజు నీటిమట్టం పాత పేపర్లో దొరుకుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. గోదావరి పెరిగితే వాగు నీళ్లు నదిలో కలవలేక వెనక్కి ఎగదన్నుతాయి. ఊళ్లో చుక్క నీరుండదు, జనం అరుగుల మీద కూర్చునే ఉంటారు, బయటికెళ్లే రోడ్డు మాత్రం తెగిపోతుంది. అందుకే లెక్క ఇంటి దగ్గర కాదు, దారి దగ్గర మొదలుపెట్టాలి. భద్రాచలం స్కేలు మీద 46 అడుగులకు మీ చప్టా మునుగుతుందనుకోండి. 40 కుటుంబాలు, ఒకటే ట్రాక్టరు, ట్రిప్పుకు 5 కుటుంబాలు, పోయి రావడానికి 50 నిమిషాలు. 8 ట్రిప్పులు, అంటే 6 గంటల 40 నిమిషాలు. నది గంటకు అర అడుగు పెరుగుతుంటే ఈలోగా 3 అడుగుల పైనే పెరుగుతుంది. అంటే 42న్నర దగ్గరే బండి కదలాలి, మొదటి హెచ్చరిక కూడా రాకముందే! రెండో ట్రాక్టరు దొరికితే 44 దాకా ఆగొచ్చు. రాత్రి పూట, వానలో ట్రిప్పు 50 నిమిషాల్లో అవదు, అదీ కలుపుకోండి. మొదటి ట్రిప్పులో నిండు గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, మంచంలో ఉన్నవాళ్లు.

మైకులో చెప్పేటప్పుడు "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అనొద్దు, దయచేసి. ఏ వీధి, ఎన్ని గంటలకు, ఏ బండి, ఎక్కడికి, ఆ నాలుగూ చెప్పండి.

అభ్యాసం: ఈ వారం ఒక రాత్రి 9 దాటాక, ఊరి చివరి ఇంటి నుంచి ఒక ముసలావిడని, ఆవిడ మందుల సంచిని, ఇంట్లో ఉన్న మేకల్ని ట్రాక్టరెక్కించి పునరావాస కేంద్రంగా పెట్టుకున్న బడి దాకా తీసుకెళ్లండి. తలుపు కొట్టినప్పటి నుంచి బడి తాళం తీసేదాకా ఎంతసేపు పట్టిందో, తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసి పంపండి.