1969 షెవర్లే కమారో కారు నిజంగా జెడ్28 అవునో కాదో తేల్చుకోవడం ఎలా?

టార్చి, మెత్తని నూలుగుడ్డ, బ్రేక్ క్లీనర్ డబ్బా, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

ముందు ఈ కారుకు కంపెనీ ఇచ్చిన ఆర్ఎస్ (ర్యాలీ స్పోర్ట్), ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్), జెడ్28 ప్యాకేజీల తేడా మనసులో స్పష్టంగా ఉండాలి. ఆర్ఎస్ అనేది అలంకారానికి సంబంధించినది. హెడ్‌లైట్లను మూసి ఉంచే తలుపులే దాని గుర్తు. ఎస్ఎస్‌తో 350 లేదా 396 క్యూబిక్ అంగుళాల ఇంజను వస్తుంది. జెడ్28లో 302 ఇంజను, నాలుగు గేర్ల మాన్యువల్ మాత్రమే ఉంటాయి, ఏసీ ఉండదు. ఆర్ఎస్‌ను ఈ రెండింటిలో దేనితోనైనా కలిపి తీసుకునే వీలుండేది కానీ, ఎస్ఎస్‌నూ జెడ్28నూ ఒకే కారులో కంపెనీ ఇవ్వలేదు. బ్యాడ్జీలనూ చారలనూ నమ్మకండి. అవి ఎవరైనా కొని అతికించుకోగలిగినవే.

డాష్‌బోర్డు మీది వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) 12437తో మొదలైతే అది వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజనున్న కూపే, అంటే రెండు తలుపుల కారు, అని మాత్రమే అర్థం. 307 ఇంజనున్న మామూలు కారుకూ అవే అంకెలు ఉంటాయి. 1966 నుంచి 1968 వరకు షెవర్లే వారి మరో కారు షెవెల్‌లో ఎస్ఎస్ 396 వీఐఎన్ 138తో మొదలయ్యేది కనుక, ఆ అలవాటుతో కమారోలోనూ వీఐఎన్‌లోనే జవాబు వెతికి పొరబడేవాళ్లను చాలామందిని చూశాను.

తర్వాత ఇంజను గదిలో ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడ) మీద ఉన్న రేకు చూడండి. ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ 1968 డిసెంబరు నుంచి దాని మీద ఎక్స్ కోడ్ వేసింది: ఎక్స్33, ఎక్స్77 జెడ్28కి, ఎక్స్22, ఎక్స్66 ఎస్ఎస్ 396కి. కాలిఫోర్నియాలోని వాన్‌నైస్ కార్ల రేకు మీద ఈ కోడ్ ఉండదు, అది లోపం కాదు. నకిలీ రేకులు కూడా అమ్ముతున్నారు కనుక ఇక్కడితో ఆగిపోకూడదు.

అసలు పరీక్ష ఇంజను ముద్ర దగ్గరే. ప్రయాణికుడి వైపు, సిలిండర్ హెడ్‌కు ముందు, ఆల్టర్నేటర్ చాటున చిన్న చదునైన జాగా ఉంటుంది. వి0412డిజెడ్ వంటి ముద్ర కనబడితే ఫ్లింట్ ఇంజను ఫ్యాక్టరీలో ఏప్రిల్ 12న కూర్చిన 302 ఇంజను అని అర్థం. దాని పక్కన గానీ, ఆయిల్ ఫిల్టర్ దగ్గర గానీ ఉండే సంఖ్య కారు వీఐఎన్ చివరి అంకెలతో సరిపోవాలి. ముద్రలోని తేదీ ఇంజను బ్లాకు (ఇంజను ప్రధాన లోహపు భాగం) పోతపోసిన తేదీ తర్వాతిదీ, ఫైర్‌వాల్ రేకు మీద ఉన్న నెల, వారాలకు ముందుదీ అయి ఉండాలి.

ఆ జాగాను వైర్ బ్రష్‌తో గానీ గరుకు కాగితంతో గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ రుద్దవద్దు. నాకు తెలిసిన ఒకాయన నేను వెళ్లేసరికి మెరిసిపోవాలని ముందురోజు రాత్రే దాన్ని శుభ్రంగా రుద్దేశారు. ఆ ఇంజను అసలుదని ఇక ఎవరూ నిరూపించలేరు. గుడ్డను క్లీనర్‌తో తడిపి జిడ్డు నాననిచ్చి, మెల్లగా అద్ది తీయాలి.

ఆ తర్వాత టార్చిని పక్కనుంచి, దాదాపు లోహానికి ఆనించినట్లుగా పట్టుకోండి. ఫ్యాక్టరీ కోతయంత్రం వదిలిన సన్నని సమాంతర గీతలు ముందునుంచి వెనక్కి, దువ్విన జుట్టులా, అక్షరాల మధ్య కూడా కనబడాలి. గీతలు లేకపోయినా, వలయాల్లా తిరిగినా, పైభాగాన్ని ఎప్పుడో మళ్లీ చెక్కారని అర్థం. ఇంజను మరమ్మతులో ఇలా జరగవచ్చు. మళ్లీ ముద్ర కొట్టడానికీ ఇలాగే చేస్తారు. ఎండలో కంటే నీడలో, టార్చి వెలుగులోనే చూడాలి; ఫోటోలు చూసి నిర్ణయించకూడదు.

చివరగా మాత్రమే యజమాని కాగితాలు అడగండి. కారుతో పాటు ఇచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే వారంటీ రేకు దొరికితే, దాని మీది ఇంజను కోడ్‌ను మీ నోటు పుస్తకంలో రాసుకున్నదానితో అక్షరం అక్షరం పోల్చండి. తేడా వస్తే మామూలు కమారో ధరే ఇవ్వండి.