డీసీ-3కి రంగులకన్నా ముందు రెండు సెట్టింగులు
మామునూరు రన్‌వే మీంచి కంప్యూటర్ సిమ్యులేటర్‌లో డీసీ-3 అనే రెండింజన్ల పాత విమానం ఎగరేసే మన వరంగల్ తమ్ముళ్లకు ఒక మాట. డెక్కన్ ఎయిర్‌వేస్ రంగులు తప్పకుండా వేసుకోండి. ఆ పాత హైదరాబాద్ విమాన కంపెనీ బేగంపేట నుంచి ఈ డకోటాలను (డీసీ-3కి ఇంకో పేరు) నడిపింది. కానీ అంతకుముందు జాయ్‌స్టిక్‌లో టెయిల్‌వీల్ లాక్‌కు (తోక చక్రం పక్కకు తిరగకుండా బిగించేది) ఒక బటన్, ప్రొపెల్లర్ ఆర్‌పీఎంకు (నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో) విడిగా ఒక లివర్ పెట్టుకోండి. రన్‌వే మధ్యలో తిన్నగా నిలబడ్డాకే లాక్ వేయాలి. అయినా విమానాన్ని పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్ మీంచి కాలు తీయొద్దు.

అసలు విషయం ఇంజన్లది. పవర్ తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్ (ఇంజన్ పవర్ లివర్), తర్వాత ఆర్‌పీఎం. పెంచేటప్పుడు ముందు ఆర్‌పీఎం, ఆ తర్వాతే థ్రాటిల్. తక్కువ ఆర్‌పీఎంలో థ్రాటిల్ తోస్తే సిలిండర్లలో ఒత్తిడి మితిమీరి ఇంజన్ పాడవుతుంది. డ్యామేజ్ ఆప్షన్ ఆన్‌లో పెట్టే నేర్చుకోండి, చేతికి త్వరగా అలవాటవుతుంది.